ఆషాఢం కారు, శ్రావణం వారంటీ

మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లకు నేనొక ఉచిత సలహాల కేంద్రాన్ని. కారు కొనాలనుకున్న ప్రతివాడూ ఆదివారం పొద్దున ఫోను పట్టుకుని మా తలుపు కొడతాడు. ఉద్యోగమంతా కార్లతోనే, అందులోనూ వర్క్‌షాపు వైపే గడిపినవాణ్ని కాబట్టి నాకేవో గుట్లు తెలుసని వాళ్ల నమ్మకం. సన్‌రూఫ్ ఉంటే మంచిదా అంకుల్, తెల్లరంగు తీసుకుంటే మళ్లీ అమ్మేటప్పుడు రేటొస్తుందా, పెట్రోలా కరెంటా, గేర్లున్నదా లేనిదా? నేను ఓపిగ్గానే చెబుతాను. మన ఐటీ కంపెనీల దారిలో కారు కొనేవాడు సన్‌రూఫ్ కోసం ఇంట్లో వారం రోజులు కొట్లాడతాడు. కొన్నాక ఎండకు, దుమ్ముకు భయపడి దాన్ని తెరిచిన పాపాన పోడు.

పోయేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ నెల ఏ కంపెనీది ఎక్కువ అమ్ముడయ్యింది అంకుల్? అదే తీసుకుంటే సేఫ్ కదా." అప్పుడు మాత్రం నాకు నవ్వొస్తుంది. కారు అమ్ముడవడం అంటే ఏమిటో నాకు ఉద్యోగంలో చివరి ఆషాఢం దాకా సరిగ్గా తెలియలేదు. ఆ సంగతి మీకూ చెబుతాను. కారు కొనేవాళ్లకు కాస్త పనికొస్తుంది, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ పనికొస్తుంది.

జీడిమెట్లలో ఒక చిన్న గ్యారేజీలో గ్రీజు చేతులతో మొదలుపెట్టాను. ఊరు పడమటికి జరిగినకొద్దీ నేనూ దాని వెనకే జరిగి, చివరికి హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద షోరూములో వారంటీ చూసే ఉద్యోగినయ్యాను. బండిలో ఏదైనా భాగం పాడైతే అది తయారీ లోపమా, వాడినవాళ్ల నిర్వాకమా అని తేల్చి, లోపమైతే కంపెనీకి రాసి కొత్తది తెప్పించడం నా పని. కంపెనీకి నేను కస్టమర్‌తో కుమ్మక్కయినవాణ్ని. కస్టమర్‌కు నేను కంపెనీ తొత్తుని. అడకత్తెరలో పోకచెక్క అనే మాట మా ఉద్యోగం చూసే పుట్టిందేమో అనిపించేది.

మా వ్యాపారంలో అందరూ భయపడే నెల ఆషాఢం. ఊరంతా బోనాల డప్పులు మోగుతుంటే మేం షోరూములో ఈగలు తోలుకునేవాళ్లం. ఆ నెలలో కొత్త బండి ఇంటికి తేకూడదని చాలా ఇళ్లలో పట్టింపు. ఆఫీసులో పదిమందిని ఆడించే మేనేజరైనా సరే, వాళ్లమ్మ ఫోనులో "శ్రావణం రానీ" అన్నదంటే నోరెత్తడు. ఎదురుగా రోడ్డవతల వేరే కంపెనీ షోరూము ఉండేది. వాళ్లదీ అదే అవస్థ.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు మా సేల్స్ మేనేజరు. గోదావరి జిల్లా మనిషి, సెక్యూరిటీ గార్డును కూడా అండీ అనే పిలుస్తాడు. 'ఆషాఢంలో కొనండి, శ్రావణంలో తీసుకెళ్లండి' అని షోరూము ముందు ఈ చివరనుంచి ఆ చివరకు బ్యానరు కట్టించాడు. డబ్బు ఇప్పుడే కడితే మంచి తగ్గింపు. బండి మాత్రం మంచిరోజు దాకా మా వెనక యార్డులో భద్రంగా ఉంటుంది. జనం ఎగబడ్డారు. ఆషాఢంలో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉన్నట్టు, కొత్త కార్లన్నీ సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లతో యార్డులో వరసగా నిలబడ్డాయి. "మన పిల్లలు పుట్టింట్లో ఉన్నారండీ, వానలో తడవనివ్వకండి" అని ఆయన నాతో హాస్యమాడేవాడు.

అయితే ఒక మెలిక ఉంది. నెలాఖరు రాగానే యార్డులో ఉన్న బండ్లన్నీ కస్టమర్లకు అప్పగించేసినట్టు సేల్స్ కుర్రాళ్లు కంప్యూటర్లో నొక్కేసేవారు. అలా నొక్కితేనే ఆ నెల అమ్మకాల్లో లెక్కకొస్తుంది. వారంటీ గడియారం తిరగడం మొదలయ్యేది కూడా ఆ నొక్కిన రోజునుంచే. ఈ సంగతి మాకందరికీ తెలుసు. వారంటీ మూడేళ్లు, తేడా తెలిసేది అది అయిపోయేటప్పుడు కదా, అప్పటికి ఎవరెక్కడుంటామో అనుకున్నాం. ఆ నెల అమ్మకాల్లో మేమే మొదటివాళ్లమని కంపెనీ షీల్డు పంపింది. దాన్ని గాజు బీరువాలో పెట్టి, పైనుంచి చిన్న లైటు వేశారు. దాని ముందు నిలబడి మేమంతా ఫొటో దిగాం, వెనక వరసలో నేనూ ఉన్నాను.

మూడేళ్లు తిరిగాయి. మళ్లీ ఆషాఢం, మళ్లీ అదే బ్యానరు. ఒకరోజు పొద్దున్నే ఆ బ్యానరు కిందనుంచే ఒక తెల్లకారును లారీ మీద ఎక్కించుకుని తీసుకొచ్చారు. దాని వెనక ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకామెకు ముప్ఫై అయిదేళ్లుంటాయి, చేతిలో ఊతకర్ర, మెడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఐడీ కార్డు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. రెండో ఆమె వాళ్లమ్మ. గోపన్‌పల్లి ఊరుగా ఉన్నప్పటినుంచీ అక్కడే ఉన్నవాళ్లు.

"సార్, గేర్ పడ్తలేదు" అంది కూతురు. "నల్లగండ్ల ఫ్లైఓవర్ మీద నడిమిట్ల ఆగింది. ఎనక నుంచి ఒకటే హారన్లు. సర్వీసులన్నీ మీ దగ్గర్నే చేయించిన. వారంటీ ఇంక ఉంది, జర తొందరగ చూడున్రి."

ఆమెది క్లచ్ లేని ఆటోమేటిక్ బండి. ట్రాఫిక్‌లో ఎడమకాలు నొప్పి పుడుతుందని మన ఐటీవాళ్లంతా ఇప్పుడు అవే అడుగుతున్నారు. వాళ్లకది సుఖం. ఈమెకు మాత్రం తను నడపగలిగిన బండి అదొక్కటే, ఎందుకంటే దానికి కుడికాలు చాలు. మెకానిక్ విప్పి చూశాడు, నేనూ చూశాను. గేర్‌బాక్సు లోపలే పోయింది. లోపలికి నీళ్లు పోలేదు, దెబ్బ తగల్లేదు, బయట ఎవరూ చెయ్యి పెట్టలేదు. లోపం కంపెనీదేనని నాకు ఇసుమంత కూడా అనుమానం లేదు. గేర్‌బాక్సు మొత్తం మార్చాలి. సొంతంగా పెట్టుకుంటే ఆమె కొన్ని నెలల జీతం పోతుంది.

వారంటీ కింద రాద్దామని కంప్యూటర్ తెరిచాను. గడువు కొద్దిరోజుల కిందటే అయిపోయిందని ఎర్రక్షరాల్లో కనిపించింది. బండి నంబరు రెండోసారి కొట్టి చూశాను, అదే మాట.

చెబితే ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఫోనులో ఒక ఫొటో తీసి నా ముందు పెట్టింది. పూలదండ వేసిన అదే తెల్లకారు, టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, వాళ్లమ్మ బానెట్ మీద కుంకుమ పెడుతోంది. పక్కన కొబ్బరికాయ పట్టుకుని నవ్వుతున్నది నేనే.

"ఇది శ్రావణం శుక్రవారం సార్. మీరే కొట్టిన్రు కొబ్బరికాయ. ఈ రోజు నుంచి లెక్కేస్తే మూడేండ్లు ఎక్కడ నిండినయ్?"

నేను కంప్యూటర్లో అప్పగించిన తేదీ, అసలు తేదీ అని ఏదో నసిగాను. వాళ్లమ్మ మధ్యలో అందుకుంది.

"సారూ, నాకు కంప్యూటర్ తెల్వది. ఒక్క మాట చెప్పు. పెండ్లయిన పిల్ల ఆషాఢమని తల్లిగారింట్ల ఉంటది. కాపురం లెక్క ఎప్పటిసంది పెడ్తరు? పెండ్లి నాటి నుంచా, అత్తగారింట్ల అడుగు పెట్టిన నాటి నుంచా?"

"పెద్దసారును అడుగుతనమ్మా" అన్నాను. జవాబు లేనప్పుడు ఉద్యోగులందరూ చెప్పే జవాబు అదే.

మా పెద్దసారంటే కంపెనీ తరఫున మా ప్రాంతం సర్వీసు వ్యవహారాలు చూసే అధికారి. కడప వైపు మనిషి, మెత్తనివాడు, మేమంతా కడప సారు అనేవాళ్లం. అంతా విని కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "వారంటీ కింద రాస్తే సిస్టం తీసుకోదప్పా. గుడ్‌విల్ కింద పెట్టండి. పాపం ఆ పిల్ల కాలి సంగతి రాసి, సర్టిఫికెట్ జత చేయండి. పైవాళ్లు నోరెత్తకుండా ఇచ్చేస్తారు, రూపాయి పడదు" అన్నాడు. గుడ్‌విల్ అంటే గడువు అయిపోయినా కంపెనీ దయతలచి ఇచ్చేది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఉద్యోగంలో మంచివార్త చెప్పే రోజులు తక్కువ. మర్నాడు ఆమె రాగానే కాగితం చేతిలో పెట్టి, సంతకం చేస్తే చాలన్నాను. ఆమె మొత్తం చదివింది.

"గేర్‌బాక్స్ ఖరాబైతే నా కాలు సర్టిఫికెట్ ఎందుకు సార్?"

"అట్లయితే తొందరగ పాసైతదమ్మా. నీకు పైసా ఖర్చుండదు."

"నా కాలు మంచిగుంటే ఇయ్యరా?"

నేను సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాను.

"ఆఫీసుల గూడ గిట్లనే అన్నరు. నీకు కష్టం కద, ఇంట్లనే ఉండి చేస్కో, చిన్న పని ఇస్తమన్నరు. నేను వద్దని రోజు పోతున్న. టీమ్ లీడ్ అయిన. ఈ కారు లేకుంటే మళ్ల అన్న తీస్కపోవాలె, అన్న తేవాలె. వాడు ఏమనడు. ఏమనకపోవుడే నాకు కష్టమైతది." ఆమె కాగితంలో సర్టిఫికెట్ అన్న మాట మీద వేలు పెట్టింది. "చిన్నప్పటిసంది అన్నీ దయతోనే వచ్చినయ్ సార్. బస్సుల సీటు, క్లాసుల ముందల బెంచి. ఇదొక్కటే నా పైసలతోని, నా ఇష్టంతోని కొనుక్కున్న. దీనిక్కూడ దయనేనా? వారంటీ అని రాయున్రి. లేకుంటే వద్దు."

కాగితం నా బల్ల మీద పెట్టి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఉత్తపుణ్యాన వస్తుంటే ఈ పంతమేమిటి, కారు యార్డులో కుళ్లిపోతే ఎవరికి నష్టం అని మెకానిక్ దగ్గర గొణిగాను. వాడు స్పానర్ తుడుచుకుంటూ, "ఆమె తప్పేం మాట్లాడింది సార్?" అన్నాడు. దాంతో నా కోపం పట్టుకోవడానికి కొమ్మ లేక జారిపోయింది. నిజమే. దానం అడగడానికి రాలేదు ఆమె. ఇస్తామన్నది ఇవ్వమని అడిగింది.

మరి తేదీ దిద్దేస్తే పోయేది కదా అంటారు మీరు. అక్కడే ఉంది అసలు చిక్కు. ఆ కారు శ్రావణంలో అప్పగించామని దిద్దితే ఆషాఢం అమ్మకాల్లోంచి ఒక కారు తగ్గుతుంది. ఒక్కదానికి దిద్దితే యార్డులో దాని పక్కన నిలబడ్డవాటికీ దిద్దాలి. సేల్స్ మేనేజరు దగ్గర ఈ మాట ఎత్తితే చేతులు జోడించాడు.

"ఒక్క ఇటుక పీకితే గోడంతా వచ్చేస్తుందండీ. ఆ షీల్డు చూసుకునే మా కుర్రాళ్లకు ఇన్సెంటివ్‌లొచ్చాయి, పిల్లల ఫీజులు కట్టుకున్నారు. గుడ్‌విల్లయితే ఎవరికీ నొప్పి లేదు కదండీ. ఆవిడకు మీరే నచ్చజెప్పండి."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే ఇంటికి తొందరగా వెళుతూ నా చేతిలో ఒక పూతరేకు పెట్టాడు. వేసవిలో కూతురి పెళ్లి చేశాడు. ఆషాఢమని అమ్మాయి పుట్టింటికి వచ్చింది, ఇల్లంతా సందడిగా ఉందని మురిసిపోయాడు.

తర్వాతి సోమవారం సమీక్షా సమావేశం. అలాంటి సమావేశాల్లో వర్క్‌షాపువాళ్లకు సమోసా మీద తప్ప దేనిమీదా హక్కుండదు. గోడమీద పెద్ద తెరలో రెండు గీతలు కనిపించాయి, ఒకటి మాది, ఒకటి రోడ్డవతలివాళ్లది. వాళ్లది పైకి పోతోంది, మాది కిందికి. కడప సారు సర్వే చదివి వినిపించాడు. ఈ ఐటీ దారిలో జనం మన బండి నచ్చినా పక్కవాళ్ల వారంటీని నమ్ముతున్నారట. దానికేం చేయాలని చర్చ మొదలైంది. బండిలో స్క్రీను పెద్దది చేయాలన్నారొకరు. లోపల రంగుల లైట్లు పెట్టాలన్నారొకరు. అదనపు వారంటీని విడిగా అమ్మాలన్నారు మరొకరు.

నా రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉన్నాయి. ఆ ధైర్యమో, ఆ తెల్లకారు రోజూ కళ్లముందు కనిపిస్తుండటమో, లేచి నిలబడ్డాను.

"సార్, ఆ గీతల మూడేండ్ల కింద ఒక గుట్ట ఉంది, చూసిన్రా? ఆ గుట్ట అంత మన ఎనక యార్డుల నిలవడ్డ కార్లే. అమ్మేటప్పుడు మనకు ఆషాఢం మంచిగ తెలుసు. బ్యానర్ కట్టినం. రిపేర్‌కొచ్చేటాలకు ఆషాఢం అంటే ఏందో తెల్వనట్టు చేస్తున్నం. పక్కోళ్లు ఎన్నేండ్లన్న ఇయ్యనీ సార్. మనం ఇస్తమన్న మూడేండ్లు మనం ఇచ్చినమా?"

సేల్స్ మేనేజరు, "ఇప్పుడవన్నీ ఎందుకండీ" అని మెల్లగా అన్నాడు. కడప సారు ఆయన వంక తిరిగి, "ఎన్ని బండ్లుంటాయి అట్లాంటివి?" అన్నాడు. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు నేను ఆ తల్లి అడిగిన ప్రశ్న చెప్పాను. కాపురం లెక్క పెళ్లినాటి నుంచా, అత్తగారింట్లో అడుగు పెట్టిన నాటి నుంచా అని. అందరూ గొల్లుమన్నారు, కడప సారు కూడా. నవ్వనివాడు ఒక్కడే.

సేల్స్ మేనేజరు సమోసా ప్లేటు పక్కకు జరిపాడు. "మా అమ్మాయి మా ఇంట్లోనే ఉందండీ ఇప్పుడు" అన్నాడు. "రోజూ సాయంత్రం అల్లుడితో ఫోను. శ్రావణం ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. దాని కాపురం మొదలైపోయిందని నేనెట్లా అంటానండీ?" కడప సారు వంక తిరిగాడు. "యార్డు నిండా ఉండేవి సార్. అన్నిటికీ తేదీలు దిద్దేయండి. నేనే రాసిస్తాను."

"మరి షీల్డో?" అన్నాడు కడప సారు.

"షీల్డుదేముందండీ. దాన్ని తుడవడానికే ఒక మనిషి కావాలి."

ఆ తర్వాత జరిగింది ఆ గదిలో మాట్లాడినంత సులభంగా జరగలేదు. పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఆ షీల్డు వదులుకోమని మిమ్మల్ని ఎవరడిగారని ఒకరు, ఇన్నాళ్లూ నిద్రపోయారా అని ఇంకొకరు. సేల్స్ మేనేజరు సంజాయిషీ రాశాడు. కడప సారు తన మెత్తదనమంతా పక్కనపెట్టి ఫోనులో ఎవరితోనో గట్టిగా అరవడం నేను మొదటిసారి విన్నాను. ఆ రోజుల్లో ఆమె గోపన్‌పల్లి నుంచి ఆటోలో ఆఫీసుకు పోయి వస్తుండేది. ఒకసారి సాయంత్రం వానలో తడిసి మా షోరూముకు వచ్చి, "ఏమన్న తెలిసిందా సార్?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

చివరికి తేదీలు దిద్దారు. ఆమెదే కాదు, ఆ ఆషాఢంలో యార్డులో నిలబడ్డ ప్రతి బండిదీ. తెరమీద గీతలో గుట్ట కుంగి శ్రావణానికి జరిగింది. అమ్మిన కార్లు ఒక్కటీ తగ్గలేదు. బ్యానరు కింద ఇంకో వాక్యం చేర్చారు, వారంటీ మీరు బండి తీసుకెళ్లిన రోజునుంచి అని. దాంతో మా అమ్మకాలు ఆకాశాన్నంటాయని రాయాలని నాకూ ఉంది. అంటలేదు. రోడ్డవతలివాళ్లు ఇంకా పెద్ద సన్‌రూఫుతో కొత్త మోడల్ దించారు, జనం అటు పోయారు. జనం ఇష్టాలు అలాగే ఉంటాయి, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. అందుకే మా కుర్రాళ్లకు చెబుతుంటాను, ఎక్కువ అమ్ముడైన కారేదని కాదురా, పాడైన రోజున మాట మీద నిలబడేవాడెవడో అడగండని. వాళ్లు తలూపి మళ్లీ సన్‌రూఫు గురించే అడుగుతారు.

గేర్‌బాక్సు మార్చాక కబురు చేస్తే తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. రిపేరు కాగితం ఆమె చేతికిచ్చాను. పైన కుడివైపు 'వారంటీ' అని ఒక్క మాట. ఆమె దాన్నే కాసేపు చూసింది. కింద వేరే ఏమైనా రాశామేమోనని వెనక్కి తిప్పి కూడా చూసింది. అప్పుడు సంతకం పెట్టింది. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పనందుకు నాకు చాలా సంతోషమైంది.

ఇంకా ఆషాఢం వెళ్లలేదు. మంచిరోజు దాకా ఆగుతారేమోనని వాళ్లమ్మను అడిగాను. "కొత్తదైతే ఆగుదుము సారూ. ఇది తల్లిగారింటికి వచ్చిపోయే పిల్ల. దీనికి పట్టింపేంది?" అంది.

సేల్స్ మేనేజరు ఎక్కడినుంచో నాలుగు నిమ్మకాయలు తెచ్చాడు. కుర్రాళ్లెవరినీ పిలవకుండా తనే వంగి, ఇస్త్రీ ప్యాంటు మాసిపోతున్నా పట్టించుకోకుండా, ఒక్కొక్క టైరు కింద ఒక్కొక్కటి పెట్టాడు. ఆమె కర్ర పక్క సీట్లో పడేసి, సీటు సర్దుకుని బండి స్టార్ట్ చేసింది. గేరు మెత్తగా పడింది. నిమ్మకాయలు చితికాయి.

బండి కదులుతుంటే వాళ్లమ్మ, "ఆగు బిడ్డా" అని ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది. కూతురితో మాట్లాడుతోందనుకున్నాను. కాదు, కారుతో మాట్లాడుతోంది.

"ఇగ మళ్ల తల్లిగారింటి మొకం చూడకు. నీ ఇంట్ల నువ్వు సల్లగ కాపురం చేస్కో."

సేల్స్ మేనేజరు మొహం అటు తిప్పుకున్నాడు. ఆ తల్లి ఎక్కి తలుపు వేసుకున్నాక కారు బ్యానరు కిందనుంచి రోడ్డెక్కి, హైటెక్ సిటీ వైపు తిరిగింది.